జబర్దస్తీకి ఉల్టా మాట

గురువారం, రాత్రి

బాపు ఒప్పుకున్నడు. సోమవారం నిజామాబాద్ దవఖానల క్యాన్సర్ సూదులు మల్ల మొదలు.

పొద్దున అన్న ఎంత లొల్లి చేసినా ఒప్పుకోలేదు. "కార్ల ఏసుకోని తీస్కపోత, ఎట్ల రావో సూస్త" అన్నడు అన్న. బాపు ముఖం తిప్పుకున్నడు. నేను అన్నను బయటికి పంపి బాపు కాళ్లకాడ కూసున్న. ఆయన చెయ్యి తీసి నా తల మీద పెట్టుకోని, "నా కోసం ఇంకొక్కసారి, బాపు" అని ఏడ్చిన. సరే బిడ్డ అన్నడు. గెలిచిన అనుకున్న. జబర్దస్తీకి ఉల్టా బతిలాడుడు అని అన్నకు నీతులు గూడ చెప్పిన.

సాయంత్రం కళ్లంల పసుపు ఉడుకబెడుతున్నరు. బాపు కట్టె పట్టుకోని అక్కడిదాక నడిచి, ఆవిరి దిక్కు ముఖం పెట్టి చాలాసేపు నిలబడ్డడు. పోయిన యేడు ఆ సూదులతోని ఈ వాసనకే కక్కుకున్నడు. కళ్లం దిక్కు రానేలేదు.

"ఈ యేడన్న పసుపు ఉడికేదాక ఈడ ఉందామనుకున్న" అన్నడు మెల్లగ.

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు బాపు?"

"మీ అన్న గదమాయిస్తే రానన్న. నువ్వు ఏడిస్తే ఏమంట బిడ్డ?"

సోమవారానికి సగం పసుపు గూడ ఉడుకదు. నీకేం గావాలె అని మేమిద్దరం ఒక్కసారన్న అడగలేదు. తెల్లారంగనే అడగాలె. ఆయన జవాబు చెప్పేదాక నేను ఏడవకూడదు.