తువ్వాలు కింద తేలని ఉంగరం

నూజివీడు,
ఫిబ్రవరి, 1963.

మహారాజశ్రీ బావగారు వీరభద్రరావుగారి సముఖానికి,

శ్రీరాములు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం కులాసా. విస్సన్నపేటలో మీరూ, చెల్లెమ్మ సుబ్బరత్నమ్మగారూ కులాసాయే అని తలుస్తాను.

మా భారతికీ మీ రామకృష్ణకీ సంబంధం కుదిరిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదికీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నిశ్చితార్థంలో మీరు పెట్టే ఉంగరం తెల్లగా ఉండాలని మా అమ్మాయి కోరిక. గోల్డ్ కంట్రోలు రూలు వచ్చాక పద్నాలుగు కేరట్లకి మించకుండా చేసే నగ వెలవెలబోతోందట. వైట్ గోల్డా, ప్లాటినమా అన్నది మాత్రం పెద్దవాళ్ళ ఇష్టమంది. బంగారంలాంటి పిల్ల!

మొన్న చాట్రాయి తోట బేరంలో ఆ సంగతీ తేలిపోయింది కదా. పదిమందిలో నోరు విప్పడం బాగుండదని, మామిడి బేరంలాగే మన చేతుల మీద తువ్వాలు కప్పాం. ఒక వేలు పట్టుకుంటే వైట్ గోల్డు, రెండైతే ప్లాటినం అనుకున్నాం. నేను రెండు పట్టుకున్నాను, మీరు సరేనన్నారు. ఇక ముహూర్తమే తరువాయి.

ఇట్లు,
మీ శ్రీరాములు

తా.క.: బస్సు తలుపులో నలిగిన మీ వేళ్ళు ఎలా ఉన్నాయి?


విస్సన్నపేట.

బావగారికి,

వీరభద్రరావు నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. మీరు పట్టుకున్నది ఒకటే వేలు. అది నమ్మి వైట్ గోల్డుకి మద్రాసులో అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. కాస్త గుర్తు తెచ్చుకోండి.

ఇట్లు,
వీరభద్రరావు

తా.క.: వేళ్ళు ఫరవాలేదు. మా కాంపౌండరు రెండింటినీ కలిపి ఒకే కట్టు కట్టాడు.


నూజివీడు.

బావగారికి,

నమస్కారం. ఆ కట్టేనండీ నేను పట్టుకున్నది! అందులో ఎన్ని వేళ్ళున్నాయో మీరే రాశారు. రెండు వేళ్ళు పట్టుకుంటే రెండే అవుతుంది గానీ ఒకటెలా అవుతుందండీ? ముప్పై ఏళ్ళుగా తువ్వాలు కింద బేరం చేస్తున్నాను. వేళ్ళు లెక్కపెట్టడం రాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ప్లాటినమే చేయించండి.

ఇట్లు,
శ్రీరాములు

తా.క.: మీకు కట్టు కట్టిన కాంపౌండరు ఎవరండీ? ఆ మహానుభావుణ్ణి ఒకసారి చూడాలనుంది.


విస్సన్నపేట.

శ్రీరాములుగారికి,

బుట్టలో వంద కాయలున్నా దాన్ని ఒక బుట్ట అనే అంటారు. తువ్వాలు కింద మీ చేతికి తగిలింది ఒకటే కట్టు. కాబట్టి అది ఒకటే లెక్క.

పైగా మా ఇంట్లో నా అవస్థ మీకేం తెలుసు? తెల్లగా ఉండేది కాలివేలికి పెట్టుకుంటారు గానీ చేతివేలికేమిటని మా ఆవిడ నన్ను నిలబెట్టి కడిగేస్తోంది. వైట్ గోల్డులో గోల్డు అన్న మాటైనా ఉంది కదా అని బతిమాలి ఒప్పించాను. ప్లాటినం అంటే ఏం చెప్పి చావను?

ఇట్లు,
వీరభద్రరావు

తా.క.: ఈసారి కార్డు మీద రాస్తున్నాను. దాచుకోవలసిన తప్పు నా దగ్గరేం లేదు.


నూజివీడు,
మార్చి.

అయ్యా,

మీ కార్డు పోస్టుమాన్ చదివాడు. మా వీధి చదివింది. ఆఖరికి నాకిచ్చారు. ఇప్పుడు మామిడి మార్కెట్టులో సగంమంది ఒక వేలంటున్నారు, సగంమంది రెండంటున్నారు. కాటా దగ్గర మొన్న ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు.

అనుకున్న ముహూర్తం దాటిపోయింది. మా అన్నపూర్ణ రోజూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. తువ్వాలు కింద మాట తప్పినవాడికి రేపు ఎవరూ తోట అమ్మరు. మరి అలాంటి ఇంటికి నేను పిల్లనెలా ఇవ్వను? మీరే చెప్పండి.

శ్రీరాములు

తా.క.: బ్రోకరు పోతురాజుని తీర్పు అడిగాను. అదే చేతిని, అదే కట్టుతో, మళ్ళీ తువ్వాలు కింద పట్టుకుని చూడమన్నాడు.


విస్సన్నపేట,
ఏప్రిల్.

అయ్యా శ్రీరాములుగారూ,

కట్టు విప్పి చాలా రోజులైంది. మీ పోతురాజు తీర్పు కోసం మళ్ళీ బస్సు తలుపులో వేళ్ళు పెట్టమంటారా?

కాపు కోతకొచ్చింది. నాకు తోటకి వెళ్ళాలంటే సిగ్గుగా ఉంది. కూలీలు నన్ను చూడగానే వేళ్ళు ఎత్తి లెక్కపెట్టుకుంటున్నారు. ఉంగరం కోసం బంగారంలాంటి కోడల్ని పోగొడుతున్నావని మా ఆవిడే ఇప్పుడు నన్ను తిడుతోంది. ఇక నావల్ల కాదు. రెండే అనుకోండి, పది అనుకోండి. ప్లాటినమే చేయిస్తాను. మీ కాళ్ళకి దండం పెడతాను, ముహూర్తం పెట్టించండి.

వీరభద్రరావు

తా.క.: ప్లాటినం సంగతి మా ఆవిడ దగ్గర ఎత్తకండి. వైట్ గోల్డులోనే పెద్దరకం అని చెప్పాను.


నూజివీడు,
ఏప్రిల్.

ప్రియమైన బావగారికి,

శ్రీరాములు తల వంచుకుని వ్రాయునది. మీ ఉత్తరం అందగానే ఎగిరి గంతేసి భారతి దగ్గరికి పరుగెత్తాను. అది ఆ పూటే బెజవాడలో బి.ఏ. ఆఖరి పరీక్ష రాసి వచ్చింది.

"అమ్మా, గెలిచాం! ప్లాటినమే!" అన్నాను.

"ఇప్పుడు ఏదైనా ఒకటే నాన్నా, ఇత్తడిదైనా పెట్టుకుంటాను" అంది.

నాకు ఒళ్ళు మండింది. "మరి ఈ రెండు నెలలూ మమ్మల్ని ఎందుకే ఇలా చంపావు?" అన్నాను.

"తాంబూలాలు పుచ్చుకున్న మర్నాటి నుంచి కాలేజీ మానాలని పెళ్ళిచూపుల్లోనే అత్తయ్యగారు చెప్పారు. మీరు అలాగేనని తల ఊపారు. మామూలు బంగారు ఉంగరమైతే వారంలో వచ్చేసేది. నా పరీక్ష ఏమయ్యేది?"

"ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదా?"

"చెబితే ఒప్పుకునేవారా నాన్నా?" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

నిజం చెబుతున్నాను బావగారూ, ఒప్పుకునేవాణ్ణి కాదు. మీరూ ఒప్పుకునేవారు కాదు. మూడేళ్ళు చదివిన పిల్ల ఒక్క పరీక్ష రాసుకోవడానికి మనిద్దరం వీధిన పడి తిట్టుకోవలసి వచ్చింది. నాకు చాలా సిగ్గేసింది. దానికి అన్నం పెట్టమని అన్నపూర్ణకి చెప్పి బయటికి వచ్చేశాను.

మీకు వీలైన ఉంగరంతో, వీలైన రోజున రండి.

ఇట్లు,
మీ బావ శ్రీరాములు

తా.క.: అమ్మాయిని ఏమైనా అనాలనిపిస్తే ముందు మీవాణ్ణి అడగండి. "ఒక్క పేరు చెబితే మా నాన్న తెచ్చేస్తాడు, రెండు పేర్లు చెప్పు, పరీక్షలయ్యేదాకా ఇద్దరూ కొట్టుకుంటారు" అని దానికి ఉపాయం చెప్పింది రామకృష్ణేనట.