ఉప్పుకుండ మీది పలక

అమ్మాయి గౌరికి అమ్మ దీవెనలు. ఒంట్లో ఎలా ఉంది? కాలి బెల్టు ఒరుసుకుని పుండు పడిందన్నావు, మానిందా? అల్లుడు ఈశ్వర్‌కు నడుం నొప్పి తగ్గిందా? మనవరాలు తులసికి జ్వరం మళ్ళీ తిరగబెట్టలేదు కదా? గరివిడిలో చలి మొదలై ఉంటుంది, పిల్ల చెవులకు గుడ్డ కట్టు. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళది ఎప్పుడూ ఉన్న మాటే.

నువ్వు అడిగినవాటికి రాస్తున్నాను. నెత్తళ్ళ చేపలు ఈసారి బాగా పడ్డాయి, నీకు ఎండబెట్టి ఉంచాను. మూడు చక్రాల స్కూటర్ మాననన్నావు, సరే, వానలో మాత్రం తియ్యకు.

ఇక మూడో మాట. వికలాంగుల దినోత్సవం నాడు తులసి బడిలో నిన్ను మాట్లాడమన్నారనీ, రిటైరైన కుసుమకుమారి టీచరు కూడా వస్తారనీ రాశావు. చిన్నప్పుడు నిన్ను బడిలో చేర్చుకోనన్నది ఆవిడేనని ఆవిడ ముందే చెప్తానన్నావు. అది ఏ సంవత్సరమని అడిగావు.

ఆవిడ నిన్ను వద్దనలేదమ్మా. నేనే పంపలేదు.

అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఆవిడ మన గుమ్మంలోకి వచ్చి, కొత్త చట్టం వచ్చిందనీ, కాళ్ళు రాని పిల్లలనీ కళ్ళు లేని పిల్లలనీ ఏ బడీ తిప్పి పంపకూడదనీ చెప్పింది. "మా గౌరి ఊర్లో నేదమ్మా. పిన్నింటికి ఎల్లిపోనాది, మరి రాదు" అన్నాను. ఆ పూట నువ్వు ఒడ్డున తాటాకు నీడలో కూర్చుని, ఎండబోసిన చేపల మీద కాకుల్ని కర్రతో తోలుతున్నావు. నడవలేని పిల్ల కూర్చున్నచోటే ఉంటుంది, చేపలు భద్రం అనుకున్నాను. బడికి పోతే ఎవరు కాస్తారని నా బెంగ. పిల్లలు వెక్కిరిస్తారని కూడా అనుకున్నాను గానీ, అది తర్వాత కలుపుకున్న సాకు.

ఆవిడ మళ్ళీ వచ్చి నీకోసం పలక ఇచ్చి వెళ్ళింది. మన ఉప్పుకుండ మీద మూతగా ఉండేది చూడు, అదే. బడికి పోతానని నువ్వు ఏడిస్తే, "టీచరమ్మ నిన్నొద్దన్నాదే" అన్నాను. ఆ తర్వాత నేను వయోజన బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నాను. అప్పుడు కూడా చేపల దగ్గర నువ్వే ఉన్నావు. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. పెళ్ళయ్యాక నీ అంతట నువ్వే చదివి పది పాసైన రోజున చెప్దామనుకున్నాను. నోరు రాలేదు.

టీచరును ఏమీ అనకు తల్లీ. నలుగురిలో నన్ను అను. నువ్వు ఫోను చెయ్యకపోయినా తప్పు పట్టను. పలక కడిగాను, చెక్క చట్రాన్ని ఓ పక్క ఉప్పు తినేసింది. ఆవిడకు చూపించి నేనే చెప్తాను. డిసెంబరు మూడు, మంగళవారం, పొద్దున్న మొదటి బస్సుకు వస్తాను.

ఇట్లు,
నీ ముఖం చూడ్డానికి భయపడుతూనే బయల్దేరుతున్న
అమ్మ కూర్మమ్మ