ఆపియా నుంచి ఒక్కరు

సెఫీనా అక్క సముఖానికి,

వెల్లింగ్టన్ నుంచి తమ్ముడు సమర్పించు అభియోగపత్రం.

లా చదువు మానేశానని నేను రాసుకున్న బ్లాగు సంగతి మన ఇంట్లో నీకొక్కదానికే తెలుసు. కానీ దాని గణాంకాల్లో మన సమోవా రాజధాని ఆపియా నుంచి ఎవరో రోజూ తెల్లవారుజామున కనిపిస్తున్నారు. ఆదివారం మాత్రం సున్నా. ప్రార్థన రోజని ఆదివారం ఫోను ముట్టని మనిషి మన ఇంట్లో నాన్నొక్కరే. అడిగితే, "ఆయనకి ఫోన్లో టార్చి వెయ్యడమే రాదురా, పిచ్చి వెధవా" అన్నావు.

అందుకే వల వేశాను. చలికి దుప్పటి లేదని బ్లాగులో అబద్ధం రాశాను. నిన్న మనూరావిడ విమానం దిగి, చామదుంపల మూటతో పాటు దుప్పటి ఇచ్చింది. మూట మీద నా పేరు నాన్న చేతిరాతలో ఉంది. చదువు మాట ఒక్కటీ లేదు.

చదువు మానేశానని రాసిన పేజీలో ఆయన పదకొండు నిమిషాలు ఉన్నారని గణాంకాలు చెబుతున్నాయి. కోపంగా ఉన్నారో లేదో అవి చెప్పవు. నువ్వు చెప్పు.

ఇట్లు,
దుప్పటి కప్పుకున్న నీ తమ్ముడు