ఆయి నడక

మిరజ్,
గణపతి నిమజ్జనమైన మూడో రోజు

వత్సలా తాయి పాదాలకు తమ్ముడు బండూ నమస్కారాలు. ఇక్కడ మనల్ని కన్న ఆయి, నేను, చంద్రీ మేక, ముగ్గురం కులాసా. పుణెలో నువ్వూ, నీ బడి పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీ గొంతు నొప్పి తగ్గిందా? పిల్లల మీద అరవడం మానేస్తే అదే తగ్గుతుందని రాయమంది. నేననలేదు, ఆయి అంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట కళ్లతో చదవగలనేమోనని కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి చూశాను. తెల్ల కాగితం మీద తెల్ల చుక్కలు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ బ్రెయిలీ చుక్కల మీద వేలు పెట్టానో లేదో, నువ్వు గబగబా మాట్లాడటం మొదలుపెట్టావు.

మూడు నెలల కిందట డాక్టరమ్మ నా కళ్ల మీది పొర తీసిన నాటి నుంచీ నువ్వు అడుగుతూనే ఉన్నావు, నేను దాటవేస్తూనే ఉన్నాను. ఇప్పుడేమో మనిద్దరిదీ ఒకే రకం పొరనీ, నీది కూడా తీయవచ్చనీ మీ పుణె డాక్టరు అన్నాడని రాశావు. దసరా సెలవుల్లోగా ఏదో ఒకటి చెప్పమన్నాడన్నావు. “పుట్టినప్పటి నుంచీ ముప్పై మూడేళ్లు ఈ లోకంలో సుఖంగా బతికాను. కొత్తది నాకు కావాలా వద్దా, నువ్వే నిజం చెప్పు” అని అడిగావు. అందుకే ఈసారి ఏదీ దాచకుండా రాస్తున్నాను. కాగితాలు బరువయ్యాయని తిట్టుకోకు.

దూరం ఎలా ఉంటుందని అడిగావు. తాయీ, దూరంగా ఉన్నవన్నీ చిన్నవిగా ఉంటాయి! ఇంత పెద్ద సంగతి మనకు ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు చూడు. మన వీధి చివర ఆగిన బస్సు నా బొటనవేలంత ఉంది. బొమ్మ కాబోలనుకుని ముచ్చటగా చూస్తున్నాను. అది కదిలింది. దగ్గరికి వచ్చేకొద్దీ ఉబ్బిపోతోంది. హడలిపోయి పక్కకు దూకి కూరలమ్మే శేవంతామావశి వంకాయల బుట్టలో పడ్డాను.

“గుడ్డోడిగా ఉన్నన్నాళ్లూ నా బుట్టకి కాలైనా తగల్లేదు కదరా! కళ్లొచ్చాక వచ్చిందా నీకీ రోగం?” అని ఆమె ఒకటే తిట్లు.

ఆమె అన్నదే నిజం. స్తంభం నీడను గుంట అనుకుని ఎగిరి దాటాను. నిజం గుంటను నీడ అనుకుని అందులో కాలు పెట్టాను. చంద్రీ సంగతి విను. దాన్ని పుట్టినప్పటి నుంచీ నిమిరిన చేతులు కదా నావి, చూడగానే పోల్చుకుంటాననుకున్నాను. గోడ దగ్గర నల్లటిది ఒకటి, తెల్లటిది ఒకటి, మధ్యలో గోడ పగులు, ఒక తాడు కనిపించాయి. ఏది మేకో, ఏది గోడో తెలియలేదు. ఇంతలో అది ఒక్క అడుగు వేసింది. నల్లదీ తెల్లదీ కలిసి కదిలాయి, పగులు గోడ దగ్గరే ఉండిపోయింది. మేక దానంతటదే గోడలోంచి ఊడి బయటికి వచ్చింది! నేను ఎంత గట్టిగా నవ్వానంటే అది బెదిరి తాడు తెంపుకుంది.

రంగు మాత్రం మొదటి రోజే దొరికింది. నువ్వు ఇక్కడ వదిలేసిన చీరను ఆయి దండెం మీద ఆరేసింది. అది పసుపని ఆయి చెప్పేదాకా పేరు తెలియదు కానీ, చూపు మాత్రం దాని మీద నుంచి కదలనంది. పసుపు ఎలా ఉంటుందని మాత్రం అడగకు. వెచ్చగా ఉంటుందని రాయబోయి ఆగాను. అది దేనిలాగా ఉండదు. నీకు చెప్పలేకపోతున్నందుకు కష్టంగా ఉంది.

పని పాడయిందా అన్నావు. పాడయింది. దస్తగీర్ చాచా దుకాణంలో పదకొండేళ్లుగా తంబురాలకు జవారీ పెడుతున్నాను కదా. తీగ ఆనే ఎముక పలకను ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీసి, తీగ తేనెటీగలా పాడేదాకా వినడమే పని. కళ్లు తెరిచి కూర్చుంటే ఆకురాయి మెరుస్తుంది, పొడి రాలుతుంది, చెవి వాటి వెంట పోతుంది. రెండు తంబురాలు చెడగొట్టాను. చాచా తన తలపాగా గుడ్డ చింపి నా కళ్లకు కట్టాడు.

“ఇంట్లో కొత్త చుట్టం దిగినట్టుంది నీకు. ఒకటే వాగుడు. దాన్ని కాసేపు బయట కూర్చోబెట్టు బేటా, తీగ ఏదో చెబుతోంది” అన్నాడు.

ఇప్పుడు పనిలో గుడ్డ కట్టుకుంటాను. తీగ మళ్లీ పాడుతోంది.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికి మూడుసార్లు బ్రెయిలీ పలకలో కాగితం బిగించి మూడుసార్లూ తీసేశాను.

కట్టు విప్పిన రోజు తొలి చూపులోనే ఆయిని గుర్తుపట్టానని నీకు రాశాను. నువ్వు ఆ ఉత్తరం బడిలో అందరికీ చదివి వినిపించానన్నావు. అది అబద్ధం తాయీ.

దేవస్థలీ డాక్టరమ్మ దూది తీయగానే వెలుగు మీద పడింది. ఎదురుగా ఏవేవో రంగులు, కదిలేవీ కదలనివీ. మొహం అంటే ఏదో తెలియదు. “మీ అమ్మ ఎవరో చూపించు బండూ” అంది డాక్టరమ్మ. అంతలో ఎడమ పక్క ఆయి గాజులు గలగలమన్నాయి. అటు తిరిగి “ఆయీ” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సమ్మలు తీపి పేడాలు పంచారు. ఆయి నన్ను పట్టుకుని ఏడ్చింది. అంత సంతోషం చూశాక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఇంటికొచ్చాక మూడు వారాలు, ఆయి లేనప్పుడల్లా కళ్లు మూసుకునే తిరిగాను. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే తెరిచేవాణ్ణి. ఆయి పక్కకు తిరిగితే ఒక మొహం, నవ్వితే ఇంకో మొహం. ఇంట్లో ఎంతమంది ఆడవాళ్లున్నారో అర్థం కాక తల తిరిగిపోయేది. చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, “ఆ పొరేదో మళ్లీ పెట్టెయ్యండి” అన్నాను.

ఆమె నవ్వలేదు. “బ్రెయిలీ కాగితం మీద మొదటిసారి వేలు పెట్టినప్పుడు ఏం తెలిసింది?” అని అడిగింది.

“ఇసుక పోసినట్టుంది.”

“ఇప్పుడు?”

“మా తాయి మాట్లాడినట్టుంటుంది.”

“మరి వేలేమైనా మారిందా?”

“లేదు.”

“ఆ ఇసుకని అక్షరాలుగా మార్చింది నీ తలకాయ. కన్ను కూడా నీకిప్పుడు ఇసుకే తెచ్చిపోస్తోంది. నేను పొర మాత్రమే తీయగలను బండూ. చదువుకోవాల్సింది నువ్వు. మీ మేక చంద్రీ కదిలితే పోల్చుకున్నానన్నావుగా, అక్కడే మొదలుపెట్టావు, ఇంక ఆపకు.”

నిమజ్జనం రోజు పొద్దున ఆయితో బజారుకు వెళ్లాను. నన్నొక అరుగు దగ్గర నిలబెట్టి, కొబ్బరికాయలు తెస్తాను కదలకు అని ఆయి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఊరేగింపు వచ్చింది. వంద ఢోలులు, తాషాలు. నీకు తెలుసుగా, కళ్లున్నవాళ్లకు చీకటి ఎలాగో మనకు మోత అలాగ. పక్కవాడు అరిచినా వినపడదు, గోడ ఎక్కడుందో తెలియదు. చిన్నప్పుడు ఆ మోతలో నువ్వూ నేనూ ఒకరి చొక్కా ఒకరం పట్టుకుని ఏడ్చిన రోజు మరిచిపోలేదు. అదే భయం మళ్లీ పట్టుకుంది. చెవులు పనికిరావు కనుక, గత్యంతరం లేక కళ్లు పూర్తిగా తెరిచాను.

గాలంతా గులాల్ పొడి. ఎర్రెర్రని రంగులో వేలమంది ఢోలుకు తగ్గట్టు ఊగుతున్నారు. ఎవరు ఎవరో, ఎక్కడ ఒకరు ఆగి ఇంకొకరు మొదలయ్యారో తెలియదు. ఆ ఊగేవాళ్ల మధ్యలో ఆకుపచ్చటిది ఒకటి ఢోలును లక్ష్యపెట్టకుండా తన దారిన తాను వస్తోంది. ఒక అడుగు బారెడు, ఒక అడుగు జానెడు. మళ్లీ బారెడు, మళ్లీ జానెడు. బావి గట్టు మీద పడి మోకాలు విరిగిన నాటి నుంచీ ఆయి నడిచే నడక! మనం అరుగు మీద కూర్చుని వీధి మలుపులోనే పోల్చుకునే ఆ అడుగులు. చప్పుడు ఒక్కటీ చెవిన పడలేదు తాయీ. కంటితోనే పట్టుకున్నాను.

“ఆయీ!” అని జనాన్ని తోసుకుంటూ పరిగెత్తి చేయి పట్టుకున్నాను.

ఆయి బిత్తరపోయింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, “ఇంత గోలలో ఎట్లా వచ్చావురా? ఎవరు చూపించారు?” అని అరిచింది.

“ఎవరూ చూపించలేదు. నేనే చూశాను.”

ఆయి నవ్వింది. మొహం మారిపోలేదు! పక్కకు తిరిగింది, అప్పుడూ ఆయే. ఎక్కడి ముక్కలక్కడ కూడుకుని ఒక్క మనిషి అయింది. నేను ఆ మోతలో పిచ్చివాడిలా గంతులేశాను. ఎవరో నన్ను భక్తుడనుకుని నెత్తిన ఇంకో గుప్పెడు గులాల్ పోశారు.

ఇంటికొచ్చే దారిలో ఆగలేక ఆసుపత్రి అబద్ధం ఆయితో చెప్పేశాను. ఆమె నడక ఆపనైనా లేదు.

“తెలుసులేరా.”

“ఎట్లా తెలుసు?”

“డాక్టరమ్మ అడగ్గానే చెవి రిక్కించావు. కన్ను ఒకచోట నిలబడితేగా! ఇంతమందిలో నా బిడ్డ తెల్లబోతాడే అని నేనే గాజులు ఆడించాను.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నువ్వు చెప్పావా? రోజూ నా చీర బాగుందంటుంటే నాకూ సరదాగానే ఉందిలే. మాసిన చీరకి కూడా అన్నావు!”

ఇద్దరం నడిరోడ్డు మీద కడుపు పట్టుకుని నవ్వాం. కొబ్బరికాయలు దొర్లిపోయాయి.

ఆయి ఎలా ఉంటుందని అడిగావు. నీ వేళ్లకు తెలిసిన ఆయే. ముడతలు నువ్వు లెక్కపెట్టినన్నే ఉన్నాయి. కానీ ఒకటుంది. నోరు తెరవకముందే ఆమె ఎడమ పెదవి కొస కొంచెం కదులుతుంది. తిట్టబోతోందో నవ్వబోతోందో మాట రాకముందే తెలిసిపోతుంది. అది వేళ్లకు దొరకదు తాయీ. వేలు పెట్టేసరికి ఆగిపోతుంది.

తీయించుకోమనీ, వద్దనీ నేను చెప్పను. మొదటి నెల చాలా చెడ్డది, అది మాత్రం నిజం. నీ లోకం తక్కువదేమీ కాదు, అదీ నిజమే. నువ్వు ఊ అంటే కట్టు విప్పే రోజుకు పుణె వస్తాను. వీళ్లెవరో చెప్పు అని ఎవరూ నిన్ను అడగకుండా చూస్తాను. గదిలోకి రాగానే “తాయీ, బండూని, నీ కుడి పక్కన ఉన్నాను” అని నేనే చెబుతాను. ఆ తర్వాత నీ తీరికను బట్టి చూసుకుందువుగాని, నెల పట్టినా, ఏడాది పట్టినా.

ఇట్లు,
నీ వేళ్లలో మాటలు పోసే తమ్ముడు
బండూ