బీరువాలోని మబ్బుచేపలు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కారం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. ఆయనకు పట్టిన జలుబు తగ్గింది, నాకు అంటించి మరీ తగ్గింది. నీ మోకాలు, నాన్న దగ్గు, చెల్లి చదువు అన్నీ సరిగ్గా ఉన్నాయని తలుస్తున్నాను. చెల్లీ, గబగబా చదివెయ్యకు. అమ్మకు ప్రతి మాటా వినపడాలి. పక్కింటి అత్త కూడా మెట్ల మీదికి వచ్చి కూర్చునే ఉంటుంది. అత్తా, నీకూ నమస్కారం.

పోయిన ఉత్తరంలో నువ్వు చెల్లి చేత రాయించినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. వంటగదిలో కారే కుళాయి బాగుచేయించాం. కంటి ఆసుపత్రిలో నన్ను పగటి డ్యూటీలోనే ఉంచారు, ఆ బెంగ వద్దు. నేను సన్నబడలేదు. ఆ ఫొటోలో వెలుతురు పక్కనుంచి పడింది, అంతే. ఇక అసలు ప్రశ్న. "అల్లుడు ఆ బొమ్మల కార్డుల పిచ్చి మానాడా లేదా? మానకపోతే వచ్చే ఆదివారం మీ నాన్న వచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు. ఆ బీరువా తాళం తీయించి, అవన్నీ అమ్మించిగానీ తిరిగి రాడు" అని రాయించావు. ఆ వాక్యం దగ్గర చెల్లి అక్షరాలు కూడా కోపంగా వంగి ఉన్నాయి.

నాన్న బయల్దేరేలోపు ఈ ఉత్తరం చేరాలని కూర్చుని రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదే అంటావు. ఫోనులో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు మొదలుపెడతావు. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

ముందు ఆ కార్డులేమిటో చెప్పాలి. నువ్వు వచ్చినప్పుడు బీరువా తలుపు సందులోంచి ఒక్కసారి చూసి "ఇన్ని ప్లాస్టిక్ డబ్బాలెందుకే" అని తేల్చేశావు. అవి పిల్లలు ఆడుకునే పేకముక్కంత కార్డులమ్మా. ఒక్కో కార్డు మీద ఒక్కో జీవం ఉంటుంది. మబ్బులనే సముద్రంగా చేసుకుని బతికే చేపలు. వానను మింగి తిరిగే సొరచేప ఒకటి, వీపు మీద ఊరినే మోసుకుపోయే తిమింగలం ఒకటి, నోట్లో దీపం పెట్టుకుని పిడుగుల మధ్య దారి వెతుక్కునే పిసరంత చేప ఒకటి. పిల్లలు వాటిని మార్చుకుంటారు, పందెం కాస్తారు, జేబుల్లో నలిపేస్తారు. నలగకుండా మిగిలిన మంచి కార్డులను కొందరు ఒక కంపెనీకి పంపుతారు. అక్కడ వాటిని భూతద్దం కింద పెట్టి, మూలలు అరిగాయా, అంచులు చెదిరాయా, బొమ్మ సరిగ్గా నడిమధ్యన పడిందా, పైన గీతలున్నాయా అని చూస్తారు. పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి గాజులాంటి డబ్బాలో మూసేసి, దాని మీద ఒక నంబరు వేసి తిరిగి పంపుతారు. ఆ తర్వాత ఆ కార్డుకు ఎవరి వేలూ తగలదు. మన ఇంటికి మార్కులు మొదట తెచ్చింది నేను. నా తర్వాత చెల్లి. ఆ తర్వాత ఈ చేపలు.

అమ్మా, ఒక్కసారి నువ్వు మా ఇంటికి మధ్యాహ్నం పూట రావాలి. సెలవురోజున అన్నాలు తిన్నాక ఆయన తలగడ తెచ్చుకుని గచ్చు మీద వెల్లకిలా పడుకుంటారు. పడమటి కిటికీలోంచి ఎండ వస్తుంది. ఆ కార్డుల మీద వెండిపూత ఉంటుంది. ఒక డబ్బాను ఎండలో పెట్టి కొంచెం వంచితే చాలు, మా సున్నం పెచ్చులూడిన పైకప్పు మీద రంగులు ఈదుతాయి. ఇంకొంచెం వంచితే ఆ మూల నుంచి ఈ మూలకు, గోడ దిగి, ఆయన చొక్కా మీదికి, మళ్లీ పైకి. లోపల సగం నిద్రలో ఉండి ఆయన "ఇవాళ తిమింగలం బద్ధకంగా ఉందే" అంటారు. బయట ఎవరో బకెట్లో నీళ్లు పడుతుంటారు, ఆ చప్పుడు ఎక్కడో దూరపు ఒడ్డున అల తగిలినట్టు ఉంటుంది. ఆ కాసేపు మా గది ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు. నీటి కింద ఉన్నామా, మబ్బు పైన ఉన్నామా అనిపిస్తుంది.

ఇలాంటి కార్డులు దాచుకునేవాళ్లకు ఇక్కడ ఒక సంఘం ఉంది. నెలకోసారి గ్రంథాలయం మేడ మీద హాల్లో కలుస్తారు. మేమూ వెళతాం. వాళ్లలో ఎప్పుడూ తెగని వాదన ఒకటుంది. మన దగ్గరున్నవి నలుగురికీ చూపించాలా, గుట్టుగా ఉంచుకోవాలా అని. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గర ఏమున్నాయో సొంత కొడుకులకే తెలియదు. "చూపించేదాకా అది చేపమ్మా. చూపించాక అది ధర. ఇదేం చేప అని ఒక్కడూ అడగడు, ఎంతకొస్తుంది అనే అడుగుతాడు" అంటారు. బేకరీ ఆయనది వేరే గోల. ఆయన కొత్త కార్డు రాగానే ఫొటో తీసి నెట్‌లో పెట్టేవారు. ఒక ఫొటోలో వెనక కిటికీ, కిటికీలో ఎదురు దుకాణం బోర్డు పడ్డాయి. అది చాలు దొంగలకు. ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లినప్పుడు వచ్చి ఊడ్చుకుపోయారు. కానీ ఆ ఫొటోల్లో డబ్బాల మీది నంబర్లు కూడా ఉన్నాయి కదా. కొన్నాళ్లకు వేరే ఊళ్లో ఒక దుకాణదారు దగ్గరికి అవి అమ్మకానికొస్తే, నంబరు గుర్తుపట్టి ఈయనకు ఫోను చేశాడు.

"చూపించాను కాబట్టే పోయాయి, చూపించాను కాబట్టే దొరికాయి. ఇప్పుడేమంటారు?" అని బేకరీ ఆయన అడిగితే, గడియారాల పెద్దాయన "మీ బేకరీ పలహారం బాగుందంటాను" అన్నారు. హాలంతా నవ్వింది.

నేను ఆసుపత్రి చీకటిగదిలో పని చేస్తూ ఈ వాదన గురించే ఆలోచించేదాన్ని. చుక్కల మందు వేసుకున్నవాళ్లు కళ్లు మూసుకుని వరసగా కూర్చుంటారు. ఎవరూ ఎవరినీ చూడరు. చూపు లేని ఆ కాసేపట్లో మనుషులు ఎన్ని నిజాలు మాట్లాడతారో అమ్మా. ఒకామె ఆ మధ్య తనలో తాను అనుకున్నట్టుగా అంది, తనకు పాడడం వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదని. ఎందుకు చెప్పలేదని అడిగాను. "మొదట్లో సిగ్గుపడి చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు" అంది. దొంగల భయంతో దాచుకోవడం వేరు, ఇది వేరు. మొదటిదానికి తాళం చాలు.

ఈ వారం సంఘం వాళ్లు ఆ హాల్లోనే ప్రదర్శన పెట్టారు. మా బీరువాలోని మబ్బుచేపలు కూడా పెట్టమని కార్యదర్శి చాలా రోజులుగా వెంటపడుతున్నారు. చివరికి ఒప్పుకున్నాం, ఒక షరతు మీద. పేరు వేయకూడదు. మా ఆయనే అట్టపెట్టె మోసుకెళ్లి ఇచ్చారు. అద్దాల బల్లలో అన్నీ వరసగా పేర్చారు. సేకరించినవారి పేరుండే చోట తెల్లకాగితం ఖాళీగా పెట్టారు.

మొదటిరోజే వెళ్లి చూశాను. ఆ రోజు మా డాక్టరుగారు నా కళ్లు కూడా పరీక్ష చేశారు, చుక్కలు వేశారు. సాయంత్రం ఆ మసక చూపుతోనే మా ఆయనతో కలిసి వెళ్లాను. హాల్లో దీపాలన్నిటి చుట్టూ వెలుగు చక్రాలు. మనుషులు నీడల్లా కదులుతున్నారు. దగ్గరికి వెళ్లినా రాతలు కనిపించలేదు, కానీ బొమ్మలు మాత్రం అద్దంలోంచి లేచి నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. అంత మసకలోనూ ఆ ఖాళీ కాగితం ఒక్కటే తెల్లగా, స్పష్టంగా కనిపించింది.

నా పక్కన రెండు నీడలు మాట్లాడుకుంటున్నాయి. ఆడవాళ్లే.

"ఇంత ఓపిగ్గా ఏరి పెట్టాడంటే, పెళ్లాన్ని ఎంత బాగా చూసుకుంటాడో."

"పెళ్లాం ఏనాడో వదిలేసి ఉంటుంది. అందుకే పేరు కూడా పెట్టుకోలేదు పాపం."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, ఇంతలో కార్యదర్శి గొంతు వినిపించింది. ఆయన మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. "మీది మామూలు కన్ను కాదండీ. ఒక్క కార్డుకి కూడా అంచు చెదరలేదు. ఎలా ఏరారండీ బాబూ" అంటున్నారు. మా ఆయన నా వైపు తిరిగారు. మొహం నాకు కనిపించలేదు, అంతా మసక. "ఏదోనండీ, అలా కుదిరింది" అన్న మాట మాత్రం వినిపించింది.

ఇద్దరం ఇంటికి బయల్దేరాం. లిఫ్టులు బాగుచేసే పనిలో మోటార్లు భుజం మీద మోసే మనిషి, అలసిపోయినట్టు నడిచారు. మా వీధి మలుపు తిరిగాక అన్నారు, "మీ నాన్నొచ్చి తిడితే పడతాను. ఆ మాత్రం నీకోసం చెయ్యగలను. పొగిడితే మాత్రం పడలేనే."

అమ్మా, ఆ కార్డులు ఆయనవి కావు. నావి.

మొదటి కార్డు నా మొదటి జీతంతో కొన్నాను, పెళ్లి మాట అనుకోకముందే. నోట్లో దీపమున్న చేప. దుకాణం కిటికీలో చూసి, దాటి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాను. ఆ తర్వాతవన్నీ నేను ఏరినవే. రోజంతా మనుషుల కళ్లలో సన్నని గీతలూ మచ్చలూ వెతికే పని కదా నాది, అంచున వెంట్రుకవాసి తెలుపు లేచినా కనిపెడతాను. ఇంటికి పంపాల్సింది పంపాకే కొన్నాను, ఆ విషయంలో నన్ను అనుమానించకు.

నువ్వు వచ్చిన రోజున "ఇవెవరివే" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే, నా మొహం చూసి, ఆయన "నావే అత్తయ్యా, చిన్నప్పటి సరదా" అనేశారు. నువ్వు నా వైపు జాలిగా చూశావు. ఆ జాలి నాకు హాయిగా అనిపించింది. నోరు మూసుకున్నాను. అల్లుణ్ణి నువ్వు చిన్నపిల్లాడి బుద్ధి అన్నప్పుడు కూడా మూసుకునే ఉన్నాను.

ఎందుకంటే మన ఇంట్లో నేను చదువుకున్న పిల్లని. మందుసీసా మీద ఏముందో, కరెంటు బిల్లులో ఏముందో, నాన్న వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చెప్పడానికి వీధి చివర నుంచి నన్ను పిలిచేవారు. పిల్లలు ఆటకు పిలిస్తే "దానికి చదువుంది, పోండి" అని నువ్వే పంపేసేదానివి. నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. ఆ చదువు వల్లే ఈ కన్ను వచ్చింది. కానీ అలాంటి పిల్ల మబ్బుల్లో ఈదే చేపలు కొనుక్కుంటుందంటే, నా మీద మీరు పెట్టుకున్న లెక్కంతా తప్పిపోతుందేమోనని భయపడ్డాను.

ఎప్పుడూ నీకొక్కదానికే చెప్పాల్సింది ఉంటే చిన్న కాగితం మీద రాసి, పెద్ద కాగితంలో మడిచి పెట్టేదాన్ని. చెల్లి దాన్ని వంటగదిలో నీ చెవి దగ్గర చదివేది. ఈసారి చిన్న కాగితం లేదు, వెతక్కండి. మెట్ల మీద, అందరి ముందూ చదవాలనే ఇదంతా రాశాను. అల్లుణ్ణి అన్న మాటలు కూడా అక్కడే కదా అన్నారు.

మరునాడు పొద్దున్నే హాలు తలుపులు తీసేసరికి వెళ్లాను. గ్రంథాలయం ఆవిడను పెన్ను అడిగి, ఆ తెల్లకాగితం మీద నా పేరు రాశాను. పేరు మాత్రమే. ఇల్లెక్కడో, పనిచేసేదెక్కడో రాయలేదు. ఎంత ధర అని నువ్వు అడుగుతావు, అత్త నీకన్నా ముందు అడుగుతుంది. అది మీకే కాదు, ఎవరికీ చెప్పను. ఆ విషయంలో గడియారాల పెద్దాయన మాటే నా మాట. ఇంకొకటి, చెల్లీ, ఇది కాస్త గట్టిగా చదువు. ప్రదర్శన అవ్వగానే అవన్నీ బ్యాంకు లాకరులోకి పోతాయి. బీరువాలో ఇక దుప్పట్లే ఉంటాయి. ఒక్కటి మాత్రం ఇంట్లో ఉంచుకుంటాం, మార్కు తక్కువొచ్చింది, ఎవరూ కొననిది. ఎండ అన్నిటికన్నా బాగా పట్టేది అదే.

నేను ఇదంతా చెప్పాక నువ్వు ఏం చేస్తావో ఊహించుకోలేకపోతున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతావని ఒకసారి అనిపిస్తుంది, లేచి లోపలికి వెళ్లిపోతావని ఒకసారి అనిపిస్తుంది. చెల్లీ, అమ్మ ఏం చేసిందో చూసి ఉన్నదున్నట్టు రాయి.

నాన్నను మాత్రం రావద్దనను. తప్పకుండా రమ్మను. తిట్టేదుంటే నన్ను తిట్టమను, పడతాను. కానీ బస్సు దిగగానే ముందు గ్రంథాలయానికి రమ్మను, ఆదివారం సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. ఇటుక ఇటుకకీ ఒక కన్ను మూసి వరస చూసే మేస్త్రీ కదా, అంచు చెదరని వస్తువంటే ఏమిటో నాన్నకు నేను చెప్పక్కర్లేదు. ఆ కాగితం మీది పేరు ఒక్కటే నాన్న చదవలేడు. నేను పక్కన నిలబడి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఆ కార్డులన్నీ తనవే అయిన
నీ పెద్దకూతురు