ఎలిత్సా కుండీలో మిగిలిన కొమ్మ

మెతోదీ,

అత్తయ్యను ఆసుపత్రి నుంచి తీసుకురావడానికి ప్లొవ్‌దివ్ వెళ్తున్నాను. నాలుగు గంటల బస్సుకి ఇద్దరం వచ్చేస్తాం.

నేలమాళిగలో పెట్టిన జెరేనియం మొక్కలన్నీ మంచుకి చచ్చిపోయాయి. గోరుతో గీకి చూస్తే కాడలన్నీ లోపల గోధుమరంగే. మీ చెల్లి ఎలిత్సా బతికుండగా నాటిన కుండీలో మాత్రం ఒక్క కొమ్మ ఇంకా పచ్చగా ఉంది. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టాను. నువ్వు డ్యూటీ దిగి రాగానే పదునైన కత్తితో కణుపు కిందుగా కోసి, రెండు ముక్కలు చెయ్యి. కింది ఆకులు తుంచెయ్యి. కోసినచోట సాయంత్రం దాకా ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చు. నీళ్లు కొంచెమే పొయ్యి, ఎక్కువైతే కుళ్లిపోతుంది. నేను కోస్తే అదీ పాడవుతుందేమోనని నీకు వదిలేశాను.

మూడు రోజులుగా నేలమాళిగ కిటికీ తెరిచావని నిన్ను తిడుతున్నాను కదా. తెరిచింది నేనే. క్యాబేజీ ఊరబెట్టిన పీపా వాసన పోతుందని తెరిచి, మూయడం మరిచిపోయాను.

ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్య, "నా కూతురి మొక్క ఎలా ఉందే?" అని అడిగేది. నిన్న కూడా "చిగురేసింది అత్తయ్యా" అనేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆవిడ ముందుకు వెళ్లను? బజార్లో కొత్తది కొని అదే కుండీలో పెట్టేద్దామా అని కూడా అనుకున్నాను. ఆవిడ ఆకు నలిపి వాసన చూస్తే తెలిసిపోతుంది. బస్సులో నేనే చెప్పేస్తాను.

రుమ్యాన

పొయ్యి మీద చిక్కుడు గింజల సూపు ఉంది, తిను. ఇంకొక మాట. ఇంటికొచ్చాక ఆవిడ ఏడిస్తే నువ్వు పెరట్లోకి వెళ్లిపోకు. నీ చెల్లెలు పోయిన రోజు అలాగే వెళ్లి చీకటి పడేదాకా కట్టెలు కొట్టావు. ఈసారి మా దగ్గర కూర్చో.