వెనక సీటు కింద తడి

కారు తియ్యకు. షెడ్డు తలుపు తెరిచే ఉంచాను, ముయ్యకు. లోపల లైటు స్విచ్చి జోలికి అసలు పోవద్దు. పాపని బస్సులో తీసుకెళ్లు.

పెట్రోలు వాసన వస్తోందని నువ్వన్నది నిజమే. పెద్ద టర్బో పెట్టాక ఇంజనుకి పెట్రోలు చాలట్లేదని టాంకులో కొత్త పంపు వేశాను కదా, టాంకు మూత కింద రబ్బరు రింగు మాత్రం పాతదే పెట్టేశాను. ఒకసారి ఊడదీస్తే అది ఉబ్బిపోతుంది, మళ్లీ సరిగ్గా కూర్చోదు. వర్క్‌షాపులో ఎవరైనా ఈ పని చేస్తే కేకలేసేది నేనే. పొద్దున వెనక సీటు ఎత్తి చూస్తే కింద టాంకు మూత చుట్టూ అంతా తడి. తల కొట్టేసినట్టయింది.

మొన్న మీ అన్నయ్యతో, "మీ చెల్లెల్ని పోలీసు కుక్కల్లో చేర్పించొచ్చు బావా" అన్నాను. ఆయన నవ్వాడు, నువ్వూ నవ్వావు. ఇప్పుడు మొహం చెల్లక నిన్ను నిద్ర లేపలేదు. కొత్త రింగు కోసం వెళ్తున్నాను. సాయంత్రం బావ వస్తే సంగతి నేనే చెబుతాను.

ఇంకోటి. ఆ రోజు అంత వానలోనూ పాపని ఒళ్లో పెట్టుకుని కిటికీ దించావు. సీటు తడిసిపోతోందని కసిరాను.